ఆల్టోకి పన్నెండు అంగుళాల టైర్లు: నాలుగేళ్లు, 42 వేల కిలోమీటర్లు

మాది 2008 ఆల్టో ఎల్ఎక్స్ఐ. తెనాలి నుంచి గుంటూరుకి వారంలో నాలుగు రోజులు దీంట్లోనే ఆఫీసుకి వెళ్తాను. లీటరుకి 18 ఇస్తోంది కాబట్టే ఇంకా ఉంచుకున్నాను. అమ్మినా వచ్చేదేమీ లేదనుకోండి. 2021లో టైర్లు గుండైపోయాయి, వానలో బ్రేకు వేస్తే కాస్త జారి గానీ ఆగడం లేదు.

దీని సైజు 145/80 ఆర్12, అంటే వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 12 అంగుళాలు. మొదటి షాపులో స్టాకు లేదన్నారు. రెండో షాపాయన "పన్నెండంగుళాలే కదా సార్, ఇవి వేసేద్దాం" అంటూ 145/70 ఆర్12 దించాడు. అది మారుతి 800 సైజు. మన రిమ్ముకి చక్కగా ఎక్కేస్తుంది, చిక్కంతా అక్కడే. రేపు వస్తానని చెప్పి ఇంటికొచ్చి లెక్కేశాను. మన టైరు ఎత్తు సుమారు 537 మిల్లీమీటర్లు, దానిది 508. అంటే కారు ఒకటిన్నర సెంటీమీటరు కిందికి దిగుతుంది. మా వీధి స్పీడ్‌బ్రేకర్లకి ఆ మాత్రం చాలు, అడుగు గీరుకుపోవడానికి. బరువు మోసే అంకె కూడా 74 ఉండాల్సిన చోట 69, అంటే టైరుకి 375 కిలోలు మోయాల్సింది 325కే ఆగిపోతుంది. తమాషా ఏంటంటే, చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది కాబట్టి మనం వంద కిలోమీటర్లు వెళ్తే మీటరు 105 పైనే చూపిస్తుంది. మైలేజి పెరిగిందని మురిసిపోవచ్చు, పెట్రోలు ఖర్చు మాత్రం తగ్గదు.

మూడో చోట సైజు సరిగ్గానే దొరికింది, రేటూ తక్కువే. టైరు పక్కన అచ్చేసిన కోడ్‌లో చివరి నాలుగంకెలు చూస్తే 3117. 2017లో 31వ వారం సరుకన్నమాట. "ఎవరూ వాడలేదు కదా సార్, కొత్తదే" అన్నాడు. ఎవరూ వాడకపోయినా రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది కదా!

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఎంఆర్‌ఎఫ్ జెడ్‌వీటీవీ దొరికాయి, అదే ఏడాది తయారైనవి. ఒక్కోటి 2,800 చొప్పున నాలుగు వేయించాను. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కూడా అక్కడే.

మొదటి రెండు ట్యాంకులకి మైలేజి పదహారున్నరకి పడిపోయింది. కొంచెం టెన్షన్ పడ్డాను. కొత్త టైరు ఏదైనా బట్టన్లు (రోడ్డుని పట్టుకునే రబ్బరు దిమ్మలు) ఎత్తుగా ఉన్నన్నాళ్లూ అంతేనని పంక్చర్ షాపు అన్న చెప్పాడు. రెండు వేల కిలోమీటర్లు దాటాక మళ్లీ 18కి వచ్చింది. తడి రోడ్డు మీద పట్టు బాగుంది. సౌండ్ గురించి అడగకండి, ఈ కారులో ఇంజిన్ ముందు టైరు చప్పుడు ఎవరికి వినపడుతుంది?

రెండో ఏడు ఎడమ వెనక టైరులో గాలి దిగడం మొదలైంది. పది రోజుల్లో 30 నుంచి 22కి వచ్చేది. మేకు లేదు, వాల్వ్ బాగానే ఉంది. టైరు విప్పి చూస్తే రిమ్ము అంచంతా తుప్పు. ట్యూబు వేసేయమన్నారు. నేను ఒప్పుకోక, వైర్ బ్రష్‌తో గీకించి, పెయింటు కొట్టించి మళ్లీ ఎక్కించాను. 150 రూపాయలతో పోయింది. పాత కారుకి టైర్లు మార్చే రోజే రిమ్ములు కూడా ఇలా శుభ్రం చేయించాల్సింది, నాకు తోచలేదు.

ఎనిమిది వేలకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించాను. ఇంజిన్ లాగేది ముందు చక్రాలనే కాబట్టి అవే త్వరగా అరుగుతాయి. ఇప్పుడు 42 వేలకి బట్టన్లు అరిగి, ఇక టైరు మార్చాలని చెప్పే 1.6 మిల్లీమీటర్ల గుర్తుకి దగ్గరపడ్డాయి. స్టెపినీ మాత్రం ఇంకా పాతదే, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

మళ్లీ వెతుకులాట మొదలైంది. ఇదే సైజు టైర్లు వాడే ఆల్టో 800 తయారీ కూడా 2023లో ఆగిపోయింది, కొత్త ఆల్టో కె10కి వచ్చేది 145/80 ఆర్13. దాంతో ఫోన్లో ఆల్టో అనగానే 13 అంగుళాలదే తీసి పెడుతున్నారు. ఈసారి కారు పేరు చెప్పడం మానేశాను. ముందు ఆర్12 అని, తరవాతే మిగతా అంకెలు చెబుతున్నాను.