ఏడాదంతా బడిలోనా, వారానికో గంటా: ఏది మేలు?

"డిగ్రీ అయిపోయింది. ఉద్యోగం చూసుకోకుండా సిటీ ఇయర్ అనే సంస్థలో చేరి ఏడాది ఒక బడిలో మెంటర్‌గా, అంటే పిల్లలకు తోడుండి దారి చూపే మనిషిగా, చేస్తానంటోంది మా అమ్మాయి. అంతగా మనసుంటే వారానికో గంట వెళ్ళి రావచ్చు కదండీ?" అని మొన్న గుళ్ళో ఒకావిడ అడిగారు. మా ఇంట్లో రెండూ జరిగాయి. మా అమ్మాయి ఫిలడెల్ఫియాలోని ఒక బడిలో ఏడాదంతా పనిచేసింది. నేను మూడేళ్ళుగా వారానికో గంట ఒక పాపతో గడుపుతున్నాను. అందుకే ఆవిడకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

సిటీ ఇయర్ 1988లో బోస్టన్‌లో మొదలైంది. ఇప్పుడు అమెరికార్ప్స్ అనే ప్రభుత్వ సేవా పథకం కింద నడుస్తోంది. కుర్రాళ్ళు, అమ్మాయిలు ఎర్ర జాకెట్ వేసుకుని దాదాపు విద్యా సంవత్సరమంతా రోజూ ఒకే బడికి వెళ్తారు. ముఖ్యంగా చూసేది మూడు విషయాలు: హాజరు, ప్రవర్తన, ఇంగ్లీషు-లెక్కల మార్కులు. దీని వెనక గట్టి కారణమే ఉంది. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు ఫిలడెల్ఫియా పిల్లల రికార్డులే ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఆరో తరగతిలో హాజరు 80 శాతం కంటే తగ్గినా, ఇంగ్లీషులోనో లెక్కల్లోనో ఫెయిలైనా, ఆ పిల్లల్లో నలుగురికి ముగ్గురు హైస్కూలు పూర్తి చేయకుండా ఆగిపోయే ప్రమాదం ఉందని తేల్చారు. ఆరో తరగతంటే పదకొండేళ్ళు. అంత చిన్న వయసులోనే తెలిసిపోతుందంటే నాకు గుండె పిండేసినట్టయింది.

మా అమ్మాయి చూసుకునే పిల్లల్లో ఒకబ్బాయి సోమవారాలు మాత్రం వచ్చేవాడు కాదు. మూడో సోమవారం ఇంటికి ఫోన్ చేసింది. వాళ్ళమ్మకు ఆదివారం నైట్ డ్యూటీ, పొద్దున ఎనిమిదిన్నరకు గానీ ఇల్లు చేరదు. అప్పటిదాకా చెల్లెల్ని వీడే చూసుకోవాలి. ఆలస్యంగా వెళ్తే క్లాసులో అందరూ తలతిప్పి చూస్తారని అసలు రావడమే మానేశాడు. "నువ్వు ఎన్నింటికొచ్చినా గేటు దగ్గర నేనుంటాను, కలిసి లోపలికెళ్దాం" అని చెప్పింది. కౌన్సెలర్‌తో మాట్లాడి రెండో పీరియడ్ నుంచి రావడానికి ఒప్పించింది. తర్వాతి సోమవారం వాడు వచ్చాడు. వారానికొకసారి, అదీ బుధవారం వెళ్ళే నాలాంటి వాళ్ళకు ఆ సోమవారాల సంగతి ఎప్పటికి తెలిసేను? ఇక్కడ ఏడాదికి 18 రోజులు బడి మానితే, అంటే పదో వంతు, దాన్ని తీవ్రమైన గైర్హాజరు కింద లెక్కేస్తారు. సోమవారాలు మానితే చాలు, సగం ఏడాది తిరిగేసరికే ఆ లెక్క నిండుతుంది.

అలాగని వారానికో గంటను తేలిగ్గా తీసేయలేం. పిల్లలకు పెద్దవాళ్ళను మెంటర్లుగా జతచేసే బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అనే సంస్థ పిల్లల మీద 1995లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. మెంటర్ ఉన్న పిల్లలు డ్రగ్స్ మొదలుపెట్టే అవకాశం 46 శాతం, బడి ఎగ్గొట్టే అవకాశం 52 శాతం తక్కువని తేలింది. అదే సమాచారాన్ని మళ్ళీ పరిశీలించి 2002లో మరో మాట చెప్పారు: ఏడాది, ఆపైన సాగిన బంధాలే బాగా పనిచేశాయి, మూడు నెలల్లోపే తెగిపోయిన చోట పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం ఇంకా తగ్గింది.

ఆ మాట నాకు అనుభవమే. మొదటి నాలుగు నెలలు లైబ్రరీలో ఊనో అనే కార్డులాట ఆడటమే తప్ప పాప పెద్దగా నోరు విప్పలేదు. కాస్త మాట కలిసిందనుకునేసరికి మా చెల్లెలి కూతురి పెళ్ళికి ఇండియా వెళ్ళాను. మూడు వారాలు. వెళ్తున్నానని హడావిడిలో సరిగ్గా చెప్పలేదు. తిరిగొచ్చాక పేకముక్కలు పంచుతుంటే తలెత్తకుండా "మీరింక రారనుకున్నా" అంది. మళ్ళీ మామూలుగా మాట్లాడటానికి రెండు నెలలు పట్టింది.

ఇక కాగితాల సంగతి. అమెరికార్ప్స్‌లో చేరాలంటే పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి, హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చేది) మీదున్న మన పిల్లలకు కుదరదు. ఇచ్చే భత్యం చాలా తక్కువ. మా అమ్మాయి ముగ్గురితో అద్దె పంచుకున్నా నెలాఖరుకు ఇబ్బందే. పూర్తి చేస్తే చదువు ఖర్చుకు, లోన్లకు వాడుకునేలా ఒక అవార్డు వస్తుంది. అయితే అది వాడుకున్న ఏడాది దాని మీద పన్ను కట్టాలి, చాలామంది ఇది ముందు చూసుకోరు.

ఆవిడకు నేను చెప్పింది ఇదే. వయసుంది, కాగితాలున్నాయి, ఏడాది అద్దెకు మీరు కొంచెం చేయందించగలరు, కాబట్టి పంపండి. నా మటుకు రోజూ బడిలో ఉండటమే మేలు. కానీ జనవరిలో మంచి ఉద్యోగం వస్తే వదిలేస్తానని అమ్మాయి మనసులో ఉంటే మాత్రం వద్దు. దానికంటే ఉద్యోగం చేసుకుంటూ వారానికో గంట, రెండేళ్ళు మానకుండా వెళ్ళడం నయం. "బడి ఏడాది ముగిసే జూన్ దాకా ఉంటావా?" అని ముందు ఆ ఒక్క ప్రశ్న అడగమన్నాను.

నేను మళ్ళీ డిసెంబరులో ఇండియా వెళ్తున్నాను. టికెట్ కొన్న వారమే వెళ్ళే తేదీ, వచ్చే తేదీ పాప నోట్‌బుక్ అట్ట లోపల రాశాను. వచ్చే తేదీ చుట్టూ తనే ఎర్ర పెన్నుతో గీత గీసుకుంది.