మెట్ల దగ్గరే ఆగిపోయిన ఫిలడెల్ఫియా యాత్ర

న్యూజెర్సీలోని అన్నయ్య ఇంటికి వెళ్లినప్పుడు మనిషికి 95 డాలర్ల చొప్పున కట్టి ఫిలడెల్ఫియా బస్సు యాత్రకు బయలుదేరాము. ‘లిబర్టీ బెల్’ అనే చారిత్రక గంటను చూడడం, మధ్యాహ్న భోజనం సవ్యంగానే జరిగిపోయాయి. యాత్రా పత్రంలో ఆర్ట్ మ్యూజియం పేరు పెద్ద అక్షరాలతో అచ్చువేసిన నిర్వాహకులు మాత్రం, ‘రాకీ’ అనే బాక్సింగ్ సినిమా వల్ల ప్రసిద్ధికెక్కిన ఆ మ్యూజియం 72 మెట్ల ముందు మమ్మల్ని దింపి, నలభై నిమిషాల్లో ఫోటోలు దిగి రమ్మన్నారు. ప్రవేశ రుసుము మేము కట్టిన సొమ్ములో లేదని అక్కడే తెలిసింది. అడిగితే, "లోపల అన్నీ పాత బొమ్మలేనండీ, దానికి ముప్పై డాలర్లు దండగ" అన్నాడు గైడు. ఇంటికి చేరేదాకా మా ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ శుక్రవారం సాయంత్రం అన్నయ్య కారులో మళ్లీ వెళ్లాము. శుక్రవారం సాయంత్రాలు తోచినంత ఇచ్చి లోపలికి వెళ్లవచ్చు కనుక నలుగురికీ కలిపి 40 డాలర్లు ఇచ్చాము.

గైడు చెప్పిన పాత బొమ్మల్లో ఒకటి ఫ్లాండర్స్ చిత్రకారుడు రూబెన్స్ 1618 నాటికి పూర్తి చేసిన ‘బంధిత ప్రొమీథియస్’. దాదాపు ఎనిమిది అడుగుల ఎత్తున్న ఆ చిత్రంలో, మనుషుల కోసం నిప్పు దొంగిలించిన నేరానికి కొండకు గొలుసులతో బిగించబడిన గ్రీకు పురాణాల ప్రొమీథియస్ తలక్రిందులుగా పడి ఉండగా, గద్ద అతని పొట్ట చీల్చి కాలేయాన్ని ముక్కుతో లాగుతూ ఉంటుంది. దాని కాలి గోరొకటి అతని కంట్లోనే దిగబడింది. అతడు దొంగిలించిన కాగడా ఎడమవైపు మూలన ఇంకా మండుతూనే ఉంది. గుడి స్తంభాల మీద హిరణ్యకశిపుని పొట్ట చీల్చే నరసింహుణ్ణి చూస్తూ పెరిగినవాళ్లం మనం. అక్కడ మన మనసు గోళ్ల పక్షాన ఉంటుంది, ఇక్కడ మాత్రం పడి ఉన్నవాడి పక్షానికి చేరుతుంది.

గద్దను వేసినది రూబెన్స్ కాదు, జంతుచిత్రణలో ఆరితేరిన ఫ్రాన్స్ స్నైడర్స్. ఆ సంగతిని రూబెన్స్ దాచలేదు. 1618లో డడ్లీ కార్ల్‌టన్ అనే ఆంగ్ల రాయబారికి తన చిత్రాల జాబితా పంపుతూ, ఈ చిత్రం తన చేతిదని, గద్ద మాత్రం స్నైడర్స్ వేశాడని, వెల 500 ఫ్లోరిన్లని (ఆనాటి నాణేలు) రాశాడు. కొనేవాడికి ఏమి దక్కుతుందో ముందే చెప్పడం నాలుగు వందల ఏళ్ల నాడు సాధ్యమైంది కానీ, మా బస్సు నిర్వాహకులకు సాధ్యం కాలేదు.

ఆ నెత్తురు చూడలేక మా వదిన పక్కకు వెళ్లిపోయింది. ఆమె కోసం వెతికితే, మధురై మదనగోపాలస్వామి ఆలయం నుంచి తెచ్చి నిలబెట్టిన పదహారవ శతాబ్దపు రాతి మండపంలో ప్రశాంతంగా కనిపించింది. ఇల్లు కదిలిన తరువాత ఆమె ముఖంలో నవ్వు చూసింది అక్కడే.

వెళ్లేవారు బస్సు యాత్రలను నమ్ముకోక సొంతంగానే వెళ్లండి. మంగళ, బుధవారాలు సెలవు. ముప్పై డాలర్ల టికెట్ వరుసగా రెండు రోజులు చెల్లుతుంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు రుసుము లేదు.