600 క్లాసు హెలికాప్టరుకు బరువైన బ్లేడ్లు: మూడేళ్ల వాడకం తరువాత

నా రిమోట్ హెలికాప్టరు మోటారు ఆగిపోయినప్పుడు నేలకు మీటరు ఎత్తులో ఈ బ్లేడ్లు నాకు ఇంకో రెండు సెకన్లు మిగిల్చాయి. వీటి గురించి రాయాలనిపించింది ఆ రెండు సెకన్ల వల్లనే. పొడవు, బోల్టు రంధ్రం, మొదలు మందం వంటి వివరాలు హెలికాప్టరుతో వచ్చే పుస్తకంలోనే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

నాది 600 మిల్లీమీటర్ల బ్లేడ్లు పట్టే విద్యుత్ హెలికాప్టరు. పాత కార్బన్ జతలో ఒక్కో బ్లేడు 104 గ్రాములు తూగేది, ఇప్పటిది 128 గ్రాములు. పాత జతతో ఎగరేస్తున్న రోజుల్లో ఒకసారి మోటారు ఆగింది. నేల దగ్గరకు వచ్చాక కలెక్టివ్, అంటే బ్లేడ్లన్నిటి కోణాన్ని ఒకేసారి మార్చే మీట, ఎత్తగానే బ్లేడ్ల వేగం ఒక్కసారిగా పడిపోయి, హెలికాప్టరు నడుమెత్తు నుంచి రాయిలా కూలింది. ల్యాండింగ్ గేర్, టెయిల్ బూమ్, మెయిన్ షాఫ్టు మూడూ మార్చవలసి వచ్చింది. బరువైన జత వెతకడం అప్పుడే మొదలుపెట్టాను.

రెండోసారి మోటారు ఆగింది కిందటేడాది సంక్రాంతి తరువాత, మచిలీపట్నం వైపు మేము ఎగరేసే చవుడు బీటిలో. హెలికాప్టరు దాదాపు 30 మీటర్ల ఎత్తున, మాకు కాస్త దూరంగా ఉంది. పక్కన నిలబడిన మా బావమరిది నాకంటే ముందే గమనించి "బావా, మోటారు శబ్దం రావడం లేదు" అన్నాడు. బ్యాటరీ కనెక్టరు దగ్గర నేను వేసిన టంకమే ఊడిందని తరువాత తెలిసింది. రిమోట్ సంకేతాలను అందుకునే రిసీవరుకు వేరే బ్యాటరీ ఉండడం వల్ల, బ్లేడ్ల కోణాన్ని కదిపే చిన్న మోటార్లయిన సర్వోలు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. వెంటనే మోటారును ఆపి ఉంచే థ్రాటిల్ హోల్డ్ స్విచ్ నొక్కి, కలెక్టివ్‌ను మైనస్ మూడు డిగ్రీల దాకా దించి, ముక్కును సముద్రపు గాలికి ఎదురుగా తిప్పి ముందుకు వంచాను. దిగుతున్నకొద్దీ కింది నుంచి వచ్చే గాలి బ్లేడ్లను తిప్పుతూ ఉండగా, మోటారు రొద లేని ఆ గరగర శబ్దం చివరిదాకా ఒకే స్థాయిలో వినిపించింది. మూడు మీటర్ల ఎత్తులో ముక్కు పైకెత్తి ముందువేగాన్ని చంపాను. అక్కడే తొందరపడి, ఇంకా మీటరు ఎత్తు ఉండగానే కలెక్టివ్ ఎత్తేశాను. పాత బ్లేడ్లు కూలిపోయింది సరిగ్గా ఆ ఎత్తులోనే. ఈసారి హెలికాప్టరు మోకాలెత్తున క్షణంసేపు నిలిచి, జానెడు ముందుకు జరిగి, మెల్లగా కూర్చుంది. కూర్చున్నాక కూడా బ్లేడ్లు చాలాసేపు తిరుగుతూనే ఉన్నాయి. అవి ఆగేదాకా ఇద్దరం ఉన్నచోటే నిలబడిపోయాం.

ఇంటికి వచ్చాక కారణం లెక్క వేసుకున్నాను. తిరిగే బ్లేడులో నిలవ ఉండే శక్తి దాని బరువును బట్టీ, వేగం వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. 104 నుంచి 128 గ్రాములకు వెళ్తే, బరువు పంపకం ఒకేలా ఉందనుకున్నా, సుమారు 23 శాతం ఎక్కువ శక్తి నిలవ ఉంటుంది. పాత బ్లేడ్లతో అంత శక్తి కావాలంటే నిమిషానికి 1,900 చుట్లను 2,100 దాకా పెంచాలి. అయితే మోటారు ఆగాక ఆ పెంచిన వేగం నిలవదు. ఆటోరొటేషన్‌లో, అంటే మోటారు లేకుండా గాలితోనే బ్లేడ్లు తిరుగుతూ దిగేటప్పుడు, చుట్ల వేగాన్ని పిచ్ (బ్లేడు కోణం), దిగే తీరు నిర్ణయిస్తాయి, బరువు మాత్రం చివరి క్షణం దాకా బ్లేడులోనే ఉంటుంది. అందుకే కొనేటప్పుడు మొత్తం బరువు ఒక్కటే కాక, బోల్టు రంధ్రం నుంచి గురుత్వ కేంద్రం ఎంత దూరంలో ఉందో కూడా అడగాలి. అదే బరువు కొసవైపు ఎక్కువగా ఉంటే నిలవ ఉండే శక్తి ఇంకా పెరుగుతుంది.

జత సమతూకం విషయంలో మాత్రం ప్యాకెట్టు మీది మాటను నమ్మలేదు. రెండు బ్లేడ్ల బరువుల తేడా 0.3 గ్రాములే అయినా, స్కేలు అంచు మీద నిలిపి చూస్తే గురుత్వ కేంద్రాలు నాలుగు మిల్లీమీటర్లు తేడాగా కనిపించాయి. ముందు ఒకదాని కొసకు టేపు చుట్టి కేంద్రాలను కలిపి, ఆ తరువాతే తేలికైన దానికి సరిగ్గా కేంద్రం దగ్గర టేపు వేసి బరువులు సమం చేశాను. ఈ వరుస తిరగేస్తే పని మళ్లీ మొదటికి వస్తుంది.

కొన్న మొదటి నెలల్లో ఈ జతకు లోపమే లేదని మిత్రులందరికీ చెప్పాను. ఇప్పుడు ఆ మాటను కొంత సవరించుకోవాలి. వెడల్పు కూడా కాస్త ఎక్కువ కావడం వల్ల కరెంటు ఎక్కువ లాగుతున్నాయి, ఒక్కో ఎగురుడులో అర నిమిషం దాకా తగ్గింది. 1,900 చుట్ల దగ్గర పాత బ్లేడు తనను పట్టి ఉంచే గ్రిప్పును దాదాపు 150 కిలోల బరువుతో లాగినట్టయితే, ఇది 185 కిలోల దాకా లాగుతుందని నా లెక్క. మూడేళ్లలో ఆ లాగుడును మోసే థ్రస్ట్ బేరింగులను రెండుసార్లు మార్చాను. వేసవి మధ్యాహ్నాల్లో సర్వోలు ముందుకంటే వేడెక్కుతున్నాయి. వేగంగా పల్టీలు కొట్టించేటప్పుడు దిశ మార్చడంలో చిన్న ఆలస్యం చేతికి తెలుస్తుంది. కొస నేలకు తగిలితే ఈ బరువు మెయిన్ గేర్‌ను కూడా మింగేస్తుంది. ఒకసారి అలా తగిలిన జతను పైకి పగుళ్లు కనిపించకపోయినా పక్కన పడేసి, అదే రకం మరో జత కొన్నాను. 600 క్లాసులో బ్లేడు కొస గంటకు 480 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది కాబట్టి, ఆ ఖర్చు దగ్గర వెనుకాడలేదు.

నేను వారానికి ఒకటి రెండుసార్లు, చుట్టూ మనుషులు లేని గట్టి నేల మీద, ఎక్కువగా వలయాలు, నెమ్మది విన్యాసాలు, ఆటోరొటేషన్ సాధన కోసం ఎగరేస్తాను. ఈ పద్ధతికి ఇవి బాగా కుదిరాయి. రోజూ తలకిందులుగా, గిరగిరా తిప్పే 3డీ విన్యాసాలు చేసేవారికీ, పాత సర్వోలున్నవారికీ ఇదే మాట చెప్పలేను. బావమరిది తన హెలికాప్టరుకు తేలిక జతనే ఉంచుకున్నాడు, అతని చేతికి అదే నప్పుతుంది. నా జత ముందంచులు చవుడు దుమ్ముకు గరుకెక్కాయి. ఈ వానాకాలం దాటాక మార్చాలి. అప్పుడు కూడా 125 గ్రాములకు తగ్గకుండా చూసుకుంటాను.