ఐటీలోకి మారాలంటే: అమీర్‌పేటా, ఇంట్లో చదువా?

మెకానికల్ చదివి, షాప్‌ఫ్లోర్‌లో విసిగిపోయి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కో డేటా ఉద్యోగాలకో మారదామనుకునేవాళ్లకు తరచూ వచ్చే సందేహం ఇది: హైదరాబాద్‌లో ఐటీ కోచింగ్ సెంటర్లకు పేరున్న అమీర్‌పేటకు వెళ్లాలా, ఉద్యోగం చేస్తూ ఇంట్లోనే నేర్చుకోవాలా?

ఖర్చు: అమీర్‌పేటలో కోర్సు ఫీజుకు హాస్టల్, తిండి తోడవుతాయి, పైగా వస్తున్న జీతం ఆగుతుంది. ఇంట్లో ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక) పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.

శ్రమ: అక్కడ బ్యాచ్ లాక్కెళ్తుంది. ఇక్కడ డ్యూటీ దిగి వచ్చాక మనంతట మనమే కూర్చోవాలి.

రిస్క్: అక్కడ దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు అమ్మేవాళ్లు తగలొచ్చు. వాళ్ల జోలికి పోవద్దు. పీఎఫ్ కట్టిన మీ ఉద్యోగాల చరిత్ర ఆ ఖాతాలో ఉంటుంది. వెరిఫికేషన్‌లో బయటపడితే చేరిన ఉద్యోగమూ పోవచ్చు. ఇంట్లో ఆ ఉచ్చు లేదు గానీ, తప్పు దిద్దేవాళ్లూ ఉండరు.

ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండి, కోడింగ్ అసలు రానివాళ్లకు అమీర్‌పేట. ఈఎంఐలున్నవాళ్లు రాజీనామా ఇవ్వకుండా ఇంట్లోనే, ముందు ఎస్‌క్యూఎల్‌తో (డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష) మొదలుపెట్టండి.