శ్రీకాకుళం నుంచి హైదరాబాద్: గంట విమానం, పూట ప్రయాణం

విశాఖ నుంచి శంషాబాద్‌కి టికెట్ మీద గంటా ఇరవై నిమిషాలు చూపిస్తారు. గాల్లో దూరం సుమారు 510 కిలోమీటర్లే. రైలు పట్టాల మీద సికింద్రాబాద్‌కి దాదాపు 700. నిజానికి జెట్ వేగానికి ఆ 510 నలభై నిమిషాల పని. మిగతాదంతా రన్‌వే దాకా పాకడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం. ఏటీఆర్ అయితే, అంటే పంకాలతో నడిచే చిన్న విమానమైతే, ఇంకా ఎక్కువసేపు పడుతుంది, బుక్ చేసేటప్పుడు ఏ విమానమో చూసుకోండి.

శ్రీకాకుళం వాళ్ళకి మాత్రం లెక్క ఇంటి గుమ్మం దగ్గరే మొదలవుతుంది. విశాఖ ఎయిర్‌పోర్ట్ ఎన్‌ఏడీ కొత్తరోడ్డు జంక్షన్ అవతల, నేవీ వాళ్ళ ఐఎన్‌ఎస్ డేగా స్థావరంలో ఉంది. మనకి సుమారు నూటపది కిలోమీటర్లు. లగేజీ కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి తొమ్మిదిన్నర విమానానికి ఐదింటికల్లా కారెక్కాం. "గంటలో దిగిపోయే ఇమానానికి కోడి కూయకముందే లెగాలేట్రా?" అని అమ్మ దారంతా సణుగుతూనే ఉంది. డ్రైవర్ ఆనందపురం దగ్గర బైపాస్‌లోకి తిప్పి పెందుర్తి మీదుగా తీసుకెళ్ళాడు. మధురవాడ, మద్దిలపాలెం సిగ్నళ్ళ టెన్షన్ తప్పింది. ఆర్టీసీ నాన్‌స్టాప్ చవకే కానీ పెద్దవాళ్ళతో, సామానుతో వైజాగ్‌లో దిగి మళ్ళీ ఆటో మాట్లాడుకోవడం నా వల్ల కాదు.

శంషాబాద్‌లో పెట్టెలు తీసుకుని పుష్పక్ బస్సెక్కి కూకట్‌పల్లి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. మొత్తం ఎనిమిది గంటలు, అందులో ఎగిరింది గంట పైచిలుకే! వైజాగ్ నుంచి వందేభారత్‌కి సుమారు ఎనిమిదిన్నర గంటలు, కానీ దాన్ని అందుకోవడానికీ ముందు వైజాగ్ చేరాలి. ఆమదాలవలసలో, అదే మన శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో, ఫలక్‌నుమా ఎక్కితే రాత్రంతా పడుకుని పొద్దున సికింద్రాబాద్‌లో దిగొచ్చు. పగలు మిగులుతుంది, డబ్బూ మిగులుతుంది. రిజర్వేషన్ దొరికితే నా ఓటు దానికే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి, అత్యవసరానికి మాత్రం విమానమే.

తెల్లవారుజామున విమానమైతే ముందురోజు రాత్రి ఎన్‌ఏడీ దగ్గర లాడ్జిలో దిగడం మేలు. ఇదివరకు అలాగే చేశాం. గది శుభ్రంగానే ఉంది కానీ లారీల హారన్లకి కన్ను మూతపడలేదు. రోడ్డు వైపు గది ఇస్తానంటే వద్దనండి, వెనక గది అడగండి.

మేం వెళ్ళేటప్పటికి మనకీ విశాఖకీ మధ్యలో ఉన్న భోగాపురం కొత్త ఎయిర్‌పోర్ట్ ఇంకా మొదలు కాలేదు. అక్కడి నుంచి విమానాలు తిరిగితే మన కారు ప్రయాణం సగానికి సగం తగ్గుతుంది, విజయనగరం వాళ్ళకి ఇంకా దగ్గర. విశాఖలో ఆ చివరనున్న గాజువాక వాళ్ళే అప్పుడు కోడి కూయకముందు లేచి మన వైపు రావాలి.