పెన్‌డ్రైవ్ క్లాసులు కొన్నవాళ్లకి హెచ్చరిక: వైరస్ వస్తే వెంటనే ఫార్మాట్ కొట్టించకండి

సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) ఫైనల్‌కి వీడియో క్లాసులు కొన్నవాళ్లు, కొనబోయేవాళ్లు ఇది చదవండి. నా ల్యాప్‌టాప్‌లో వైరస్ పడింది. అది చేసిన నష్టం కొంతే. తర్వాత రెండు రోజులు కంగారులో నేను చేసిన పనులవల్ల పోయింది ఎక్కువ.

గుంటూరులో ఆర్టికల్‌షిప్, అంటే సీఏ ఆఫీసులో శిక్షణ చేస్తున్నాను. ఆఫీసుతో పాటు కోచింగ్‌కి వెళ్లడం కుదరక ఎఫ్ఆర్ (ఫైనాన్షియల్ రిపోర్టింగ్), డీటీ (డైరెక్ట్ ట్యాక్స్) రెండు సబ్జెక్టులూ పెన్‌డ్రైవ్‌లో తీసుకున్నాను. రెండూ కలిపి 23,500 రూపాయలు. సగం నాన్న ఇచ్చారు, సగం నా స్టైపెండ్‌లో కూడబెట్టింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఈ వీడియోలు మామూలు ప్లేయర్‌లో ఆడవు. వాళ్ల ప్లేయర్ వేసుకుని కీ కొట్టాలి. ఆ కీ మన ల్యాప్‌టాప్‌కే ముడిపడుతుంది. ఒక్కో క్లాసు రెండుసార్లే చూడొచ్చు, అదీ ఫలానా అటెంప్ట్, అంటే ఆ పరీక్ష వరకే. పెన్‌డ్రైవ్ చేతిలో ఉంటే సరుకు మనదే అనిపిస్తుంది. కానీ మనం డబ్బు పెట్టి కొన్నది ఆ కీ. వీడియోలు పోతే మళ్లీ దించుకోవచ్చు. కీ పోతే ఆ పెన్‌డ్రైవ్ దేనికీ పనికిరాదు.

మొదటి తప్పు నాదే, దాచను. పీడీఎఫ్ నోట్స్ మీద గీతలు పెట్టుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ కావాలి. డబ్బు దండగ అని క్రాక్ వెర్షన్, అంటే డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ దించాను. ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపమని రాసి ఉంటే బుద్ధిగా ఆపేశాను కూడా. కాసేపటికి విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు స్క్రీన్ వచ్చింది. సరేలే అని భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ప్రతి ఫైలు పేరు చివర అర్థంపర్థం లేని నాలుగు అక్షరాలు చేరి ఉన్నాయి, ఏదీ తెరుచుకోవట్లేదు. ప్రతి ఫోల్డర్‌లోనూ రీడ్‌మీ అనే నోట్‌ప్యాడ్ ఫైలు. అందులో 980 డాలర్లు కట్టమని, 72 గంటల్లోపు అయితే సగానికే, అంటే 490కే ఇస్తామని ఉంది. దొంగలు కూడా డిస్కౌంట్ ఆఫర్లు పెడుతున్నారు. పెన్‌డ్రైవ్ కూడా ల్యాప్‌టాప్‌కే ఉండిపోయింది కాబట్టి అందులోవీ పోయాయి.

ఇలా ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌ని రాన్సమ్‌వేర్ అంటారు. దీని పేరు స్టాప్, డీజేవీయూ అని కూడా అంటారని తర్వాత తెలిసింది. ఎక్కువగా క్రాక్ సాఫ్ట్‌వేర్లతోనే వస్తుంది. ఆ అప్‌డేట్ స్క్రీన్ కూడా దాని నాటకమే. వెనక పని జరుగుతుంటే మనం కదిలించకుండా ఉండాలని.

తెల్లారగానే రూమ్ పక్కన కంప్యూటర్ షాపుకి పరిగెత్తాను. "ఏం కాదన్నా, ఫార్మాట్ కొట్టేస్తే పోద్ది" అన్నాడు. 500 తీసుకుని గంటలో ల్యాప్‌టాప్ కొత్తదానిలా చేసిచ్చాడు. వైరస్ పోయింది, దాంతోపాటు కీ కూడా పోయింది. ఫార్మాట్ చేశాక నా ల్యాప్‌టాపే ఆ ప్లేయర్‌కి వేరే మెషీన్‌లా కనిపించింది. కీ కొడితే "ఇప్పటికే మరో డివైస్‌లో వాడుకలో ఉంది" అని వస్తోంది.

అమ్మినవాళ్లకి ఫోన్ చేశాను. నేను కొన్నది ఒక రీసెల్లర్ దగ్గర. అతను ఫ్యాకల్టీ, అంటే క్లాసులు చెప్పిన సార్ ఆఫీసుకి చెయ్యమన్నాడు. ఫ్యాకల్టీ ఆఫీసు వాళ్లు ప్లేయర్ టెక్నికల్ టీమ్‌ని అడగమన్నారు. టెక్నికల్ టీమ్ తిప్పి ఫ్యాకల్టీ పర్మిషన్ కావాలంది. నాలుగు రోజులు ఇలా తిరిగాక తేలింది ఏమిటంటే, ఫార్మాట్ చేస్తే యాక్టివేషన్ రద్దవుతుందని షరతుల్లో ఉందట, మళ్లీ ఇవ్వాలంటే సబ్జెక్టుకి 3,500 కట్టాలట. ఫార్మాట్‌కి ముందే ఫోన్ చేసి ఉంటే వాళ్ల వైపు నుంచి పాత యాక్టివేషన్ తీసేసి ఉచితంగా మార్చేవాళ్లమని ఒకమ్మాయి నోరు జారింది. అది విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బిల్లు పంపండి అన్నారు. బిల్లేదీ? పది శాతం తగ్గిస్తానంటే రీసెల్లర్ సొంత నంబరుకి యూపీఐ చేశాను. సీఏ ఇంటర్‌లో జీఎస్టీ రాసి పాసైనవాణ్ణి, ఇన్‌వాయిస్ అడగలేదు. మా రూమ్మేట్లు ఇప్పటికీ నవ్వుతున్నారు.

మరో గొయ్యి గురించి కూడా చెప్పాలి. పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లయినా వస్తాయేమోనని వెతుకుతుంటే టెలిగ్రామ్‌లో ఒకడు తగిలాడు. వంద శాతం రికవరీ అన్నాడు. నమ్మకం కోసం ఒక ఫైలు పంపించమని, మర్నాడు దాన్ని నిజంగానే తెరిచి పంపాడు. 4,000 అడిగితే సగం అడ్వాన్స్ వేశాను. ఆ తర్వాత నా ల్యాప్‌టాప్‌ని దూరం నుంచే వాడనిచ్చే ఎనీడెస్క్ పెట్టుకోమన్నాడు, అప్పుడు గానీ అనుమానం రాలేదు. అసలు విషయం ఏమిటంటే, రుజువు కోసం ఒక ఫైలు ఉచితంగా తెరిచి ఇస్తామని ఆ రీడ్‌మీలో దొంగలే రాస్తారు. వీడు నా ఫైలు వాళ్లకే పంపి, తెరిపించి, తన గొప్పగా చూపించాడని నా నమ్మకం. ఇలా డబ్బు పోగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే బ్యాంకులో ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. నేను సిగ్గుపడి మూడు రోజులు ఆలస్యం చేశాను. 2,000 రాలేదు.

మీకు ఇలా జరిగితే ముందు నెట్ తీసేయండి, పెన్‌డ్రైవ్ లాగేయండి, ఫార్మాట్ జోలికి పోకండి. క్లాసులు అమ్మినవాళ్లకి అప్పుడే ఫోన్ చేసి, అదే మాట మెయిల్‌లో కూడా పెట్టండి. లాక్ అయిన ఫైళ్లని ఒక పాత హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి దాచండి. ఈయూ పోలీసు సంస్థ యూరోపోల్, డచ్ పోలీసులు మరికొందరితో కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైట్‌లో తాళం తీసే టూల్స్ ఉచితంగా ఉంటాయి. స్టాప్‌కి ఎమ్సీసాఫ్ట్ అనే సెక్యూరిటీ కంపెనీ టూల్ ఉంది కానీ అందరికీ పనిచేయదు. రీడ్‌మీలో ఇచ్చే పర్సనల్ ఐడీ చివర టీ1 అని ఉంటే కొంత ఆశ. నాది అలా లేదు. ఇది పెద్ద ఫైళ్లలో మొదటి 150 కేబీ మాత్రమే పాడుచేస్తుంది కాబట్టి ఫోన్‌లో తీసి పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న సొంత వీడియోలు రిపేర్ టూల్‌తో కొన్ని బాగుపడ్డాయి. క్లాసు వీడియోలకి ముందే వాళ్ల తాళం ఉంది కాబట్టి అవి కాలేదు.

పాస్‌వర్డ్లు వేరే ఫోన్ నుంచి మార్చేయండి. ఇలాంటి క్రాక్‌లతో పాటు పాస్‌వర్డ్లు దొంగిలించేవి కూడా వస్తుంటాయి. నా క్రోమ్‌లో ఆఫీసు క్లయింట్ల పోర్టల్ లాగిన్లు సేవ్ అయి ఉన్నాయి. మా సార్‌కి చెప్పక తప్పలేదు. ఆయన అన్న మాటలు ఇక్కడ రాయను.

కొనబోయేవాళ్లు ఒక్క ప్రశ్న వాట్సాప్‌లో అడిగి జవాబు స్క్రీన్‌షాట్ ఉంచుకోండి: ల్యాప్‌టాప్ పాడైతే, ఫార్మాట్ అయితే కీ ఎన్నిసార్లు మారుస్తారు, ఎంత తీసుకుంటారు? సరిగా చెప్పకపోతే మరొకరి దగ్గర కొనండి. బిల్లు తీసుకోండి.

చివరికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. బిల్లు లేకపోయినా యూపీఐ స్క్రీన్‌షాట్, వాట్సాప్ చాట్ జత చేశాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి అని మెయిల్‌లో గుర్తుచేశాను. పదకొండో రోజు డబ్బు లేకుండానే ఎఫ్ఆర్ తెరిచారు, కానీ ఒక్కో క్లాసు ఒక్కసారే చూసేలా. డీటీ ఇంకా తేలలేదు. ఈలోగా సీఏ పరీక్షలు పెట్టే సంస్థ ఐసీఏఐ ఇచ్చే ఉచిత క్లాసులు, స్టడీ మెటీరియల్‌తో నెట్టుకొస్తున్నాను.

టెలిగ్రామ్‌వాడు నిన్న మళ్లీ మెసేజ్ పెట్టాడు. మిగతా 2,000 వేస్తే సాయంత్రంకల్లా అన్నీ తెరిచి ఇస్తాడట.