ఫౌండేషన్ కొనాలంటే ఏది మేలు: ఫోన్‌లో అమ్మాయి మాటా, ఫ్యాన్సీ షాపు అక్క మాటా?

మొన్న మాఘమాసంలో ఒక పెళ్లికూతురికి ముస్తాబు చెయ్యడానికి పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటి రాజోలు వైపు వెళ్లాను. చామనఛాయ పిల్ల, కళగల మొహం. నేను పెట్టె తెరవకముందే కొత్త ఫౌండేషన్ సీసా చేతిలో పెట్టింది. "అక్కా, ఇదే వెయ్యండి. రెండు నెలలు రివ్యూలన్నీ చూసి మరీ తెప్పించుకున్నాను" అంది. లోపలి గదిలో ట్యూబులైటు కింద బాగానే ఉంది. తీసుకెళ్లి పందిట్లో పీట మీద కూచోబెట్టాక వాళ్లమ్మగారు నన్ను పక్కకి పిలిచారు. "ఏవండి, మొహం బూడిద పూసినట్టుందేంటండి? మెడ ఒక రంగూ, మొహం ఒక రంగూనూ."

ఆవిడ చూసింది నిజమే. పిల్లని మళ్లీ లోపలికి తీసుకెళ్లి తడిబట్టతో తుడిచి, నా దగ్గరున్న వాటిలో పసుపుపాలు ఎక్కువున్న షేడు కలిపి వేశాను. ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ఆ ఇరవై నిమిషాలూ ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు ఆగలేదు. పెళ్లికూతుర్ని చేసే రోజున అలా ఏడవాల్సిన పనేముంది తనకి?

ఆ రాత్రి ఇంటికొచ్చి, తను చూసిన వీడియో నేనూ చూశాను. రివ్యూ చేసిన అమ్మాయి అబద్ధమేమీ చెప్పలేదు. తన మొహానికి అది చక్కగా అతికింది. కానీ తన ఛాయ వేరు, తన గది వేరు, తన మొహం మీద పడుతున్న వెలుతురు వేరు. అప్పట్నించీ ఎవరు ఏ డబ్బా పట్టుకొచ్చినా, అది ఎవరి మాట మీద కొన్నారో అడుగుతున్నాను. ఫోన్‌లో చూసి కొన్నవాళ్లు ఎక్కువ, ఊళ్లో షాపులో అడిగి కొన్నవాళ్లు తక్కువ. ఏ మాట ఎందుకు పనికొస్తుందో, ఏది పనికిరాదో ఇన్నేళ్ల పనిలో నాకు అర్థమైనంత వరకూ రాస్తాను.

ముందు రంగు సంగతి. నా దగ్గరికొచ్చే నష్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడే. ఛాయ అంటే తెలుపు, చామనఛాయ, నలుపు అని మూడు మెట్లు కాదు. ఒకే ముదురులో ఉన్న ఇద్దరిలో ఒకరి చర్మం కింద పసుపు జీర ఉంటుంది, మరొకరికి ఎరుపు జీర. దీన్నే అండర్‌టోన్ అంటారు. పసుపు జీర ఉన్న చామనఛాయ మీద గులాబీ పాలున్న షేడు పడిందంటే బూడిదే. పైగా ఫౌండేషన్‌లో తెల్లదనానికి టైటానియం డయాక్సైడ్ ఉంటుంది. మన ఛాయకంటే ఒక మెట్టు తెలుపు షేడు తీసుకుంటే ఆ తెలుపు తేలి కనిపిస్తుంది. సన్‌స్క్రీన్ కలిసిన రకాల్లో మరీనూ. కొన్ని రకాలైతే రాసిన గంటకి మొహం జిడ్డుతోనూ గాలితోనూ కలిసి ఒక పాలు ముదురుతాయి. ఇన్ని సంగతులు వీడియోలో చూసి తేల్చడం ఎవరి తరమూ కాదు. గుండ్రటి రింగ్‌లైటు ఎదురుగా పెడితే మొహం మీద నీడలు పోతాయి, నీడలతోపాటు గుంతలూ మచ్చలూ పోతాయి. ఆపైన కెమెరా తనంతట తనే రంగు సర్దుతుంది, చాలా ఫోన్లు చర్మాన్ని నునుపు కూడా చేసేస్తాయి. చివరికి మన ఫోన్ తెర ఎంత వెలుగులో పెట్టుకుని చూస్తున్నామో దాన్నిబట్టి మళ్లీ మారుతుంది. ఇంత మారి మనదాకా వచ్చిన రంగుని నమ్మి "షేడ్ నంబరు ఇదే" అని ఆర్డరు పెట్టడం ఎలా?

ఈ ఒక్క విషయంలో ఫ్యాన్సీ షాపు వైపే నా ఓటు. భీమవరంలోనైనా, అమలాపురంలోనైనా, మా పాలకొల్లులోనైనా షాపు అక్కని అడిగితే టెస్టర్ ఇస్తుంది. చేతి మీద రాసి చూపిస్తారు గానీ అది సరిపోదు. చెయ్యి ఎండకి కమిలి ఉంటుంది, మొహం రంగుతో కలవదు. దవడ కింది అంచు మీద, మెడ వైపుకి దిగేలా మూడు షేడ్లు మూడు గీతలు గీసుకుని, షాపు మెట్లు దిగి వెలుతురులోకి రండి. ఏ గీత కనపడకుండా పోయిందో అదే మీది. వెంటనే కొనకండి. బజారు పని చూసుకుని గంటాగి వచ్చి మళ్లీ చూసుకోండి, ముదిరేదైతే అప్పటికి ముదురుతుంది. నలుగు పెట్టుకున్న రోజున మాత్రం షేడు చూడకండి. పసుపు ఒకటి రెండు రోజులు వదలదు, లెక్క తప్పుతుంది. లిప్‌స్టిక్ టెస్టరైతే పెదవికి తగలనివ్వకండి, ఎంతమంది పెట్టుకున్నదో తెలీదు. వేలి కొస మీద రాసుకుంటే చాలు, ఆ గులాబీ రంగు పెదవికి కాస్త దగ్గరగా ఉంటుంది.

రెండోది చెమట. మనది డెల్టా. ధవళేశ్వరం ఆనకట్ట దాటిన దగ్గర్నించీ సముద్రం దాకా కాలవలూ చేలూ చేపల చెరువులే. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పట్టిన చెమట ఆరదు, మొహం మీదే నిలుస్తుంది. ఆరని చెమట కింద నుంచి ఫౌండేషన్ పొరని పైకి లేపేస్తుంది. ముక్కు పక్కనా, పైపెదవి మీదా ముందు విడిపోతుంది. ఏసీ గదిలో కూచుని "పన్నెండు గంటలైనా చెక్కుచెదరలేదు" అని చూపించే పరీక్ష, వైశాఖంలో షామియానా కింద హోమం ముందు కూచునే పిల్లకి వర్తించదు. ఇందులో రివ్యూ చేసేవాళ్ల తప్పు లేదు, వాళ్ల ఊరి గాలి వాళ్లది. అందుకే నేను చూసే రివ్యూలు వేరు. కాకినాడనో విశాఖనో చెన్నైనో, సముద్రం గాలి తగిలే ఊళ్లో ఉండి, పొద్దున వేసుకుని సాయంత్రం బస్సు దిగాక అదే మొహం చూపించే అమ్మాయిలు తెలుగులోనూ ఉన్నారు. చూసేవాళ్లు తక్కువే గానీ వాళ్ల మాట బంగారం. ఉక్కపోత దగ్గర షాపు అక్క చెప్పేదీ సగమే పనికొస్తుంది. "ఇదే బాగా వెళ్తుందండి" అంటుంది. బాగా వెళ్లడమంటే అమ్ముడుపోవడం. మొహం మీద బాగా ఉండడం కాదుగా. "కొన్నవాళ్లు మళ్లీ వచ్చి ఇదే అడిగారా అండి?" అని అడిగి చూడండి. మంచావిడైతే ఒక్క క్షణం ఆలోచించి నిజం చెబుతుంది.

అయితే ఏ రకం కొనాలి, ఏది అసలు కొనకూడదు అన్న చోట ఫోన్‌లో అమ్మాయిలే షాపుని మించిపోయారు. ఒప్పుకోవాల్సిందే. నేను ఈ పని నేర్చుకున్న రోజుల్లో షాపులో ఏది ఉంటే అదే మనకి ప్రపంచం. ఫౌండేషన్‌కి ముందు రాసే ప్రైమర్ ఎందుకో, సన్‌స్క్రీన్ మీద ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్పీఎఫ్ అంకె పక్కన పీఏ ప్లస్‌లేంటో చెప్పినవాళ్లే లేరు. వెనక అట్ట మీద పదార్థాలు ఎక్కువ ఉన్నదాన్నించి తక్కువ ఉన్నదాని వరుసలో రాస్తారని నాకు తెలిసింది ఒక తెలుగు వీడియోలోనే. తెరిచిన మూత బొమ్మలో 6 ఎం, 12 ఎం అని ఉంటే తెరిచాక అన్ని నెలల్లో వాడెయ్యాలని తెలిసిందీ అక్కడే. వాటర్‌ప్రూఫ్ కాటుక నీళ్లకి పోదు, నూనెకే కరుగుతుందని వాళ్లు చెప్పాక కళ్లు రుద్దుకోవడం మానేశాం. కోనసీమలో కొబ్బరినూనె లేని ఇల్లు ఉండదు కదా, దూది మీద రెండు చుక్కలు చాలు. మొటిమల మొహమైతే తర్వాత ఫేస్‌వాష్‌తో కడుక్కోవాలి.

షాపు వల్ల నాకూ దెబ్బ తగిలింది. ఇక్కడికి దగ్గర్లోనే ఒక టౌనులో పెళ్లిళ్ల సీజనుకి అర డజను లిప్‌స్టిక్‌లు ఒకేసారి కొన్నాను. ఇంటికొచ్చి ధర స్టిక్కరు గోటితో గీకితే కింద గడువు తేదీ, దాటిపోయి నాలుగు నెలలు. తిరిగి ఇవ్వబోతే "మీరే అంటించారేమో" అన్నారు. నన్ను అంత మాటన్నందుకు చాలా బాధపడ్డాను. అప్పట్నించీ స్టిక్కరు పక్కకి తీయించి తేదీ చూడందే డబ్బు తియ్యను, బిల్లు లేకుండా కొనను. మీరూ అలాగే చెయ్యండి. తేడా వస్తే 1915కి ఫోన్ చెయ్యొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఇక డబ్బు ఎవరికి ఎవరిస్తున్నారనేది. షాపులో మార్జిన్ ఎక్కువున్నదే ముందు చూపిస్తారు, ఇది అందరికీ తెలిసిందే. ఫోన్‌లో అమ్మాయికి మూడు దారులు. కంపెనీ డబ్బిచ్చి చేయించుకోవచ్చు, సరుకు ఉచితంగా పంపొచ్చు, వీడియో కింద పెట్టిన లింకు మీద నొక్కి మనం కొంటే కమిషన్ రావొచ్చు. వీటిలో ఏదీ దొంగతనం కాదు, దాచడమే తప్పు. ప్రకటనల మండలి ఆస్కీ 2021లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఈ విషయం మీద నియమాలు తెచ్చాయి. డబ్బుగానీ సరుకుగానీ తీసుకుంటే చూసేవాళ్లకి తప్పకుండా కనపడేలా చెప్పాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో దూర్చకూడదు. వీడియో అయితే తెర మీదా ఉండాలి, నోటితోనూ చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. డబ్బు తీసుకున్నానని నోరారా చెప్పి, ఆ వస్తువులోనే ఒక లోపం కూడా చెప్పే అమ్మాయిని నేను నమ్ముతాను. అన్నీ "సూపర్" అయితే ఆ చానెల్ వదిలేస్తాను. కొనే సైటులో అయిదు చుక్కల రివ్యూలకన్నా, రెండు మూడు చుక్కలిచ్చి కారణం రాసినవి పది చదవండి. "నాది జిడ్డు చర్మం, మధ్యాహ్నానికి కారిపోయింది" అని ఎవరో రాసిన ఒక్క వాక్యం మనకి ఏడు వందలు మిగులుస్తుంది.

తెల్లబడే క్రీముల దగ్గర మాత్రం ఎవరి మాటా వినకండమ్మా. ఇది చేతులు పట్టుకుని చెప్పాలనిపించే మాట. "ఏడు రోజుల్లో మెరుపు" అని రీల్‌లో చూపించినా, షాపులో గల్లా కింద నుంచి తీసిచ్చినా, పేరు లేని డబ్బాలో పార్లర్‌లోనే ఇచ్చినా వద్దు. వాటిలో కొన్నింటిలో బీటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. వారం పది రోజులు మొహం తేటగా కనిపిస్తుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్రగా మండుతుంది, సన్నటి నరాలు తేలుతాయి, మొహాన వెంట్రుకలు వస్తాయి. ఆపేస్తే మొటిమలు విరగబడతాయి, అందుకని మళ్లీ రాస్తారు. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో గట్టిగా చేర్చింది అందుకే. కొన్నింటిలో పాదరసం ఉంటుంది. 2023లో కేరళలో మలప్పురం వైపు ఇలాంటి క్రీములు వాడినవాళ్లకి మూత్రపిండాల జబ్బు రావడం అక్కడి డాక్టర్లు బయటపెట్టారు. తయారుచేసినవాళ్ల చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, పదార్థాల జాబితా, గడువు తేదీ లేని డబ్బా మొహానికి ముట్టించకూడదు. విదేశీ సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అప్పటికే వాడేస్తుంటే సిగ్గుపడకుండా ఆ డబ్బా పట్టుకుని చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒక్కసారిగా మానెయ్యాలా, మెల్లగా తగ్గించాలా అన్నది వాళ్లే చెబుతారు. ఛాయ తక్కువని పెళ్లిచూపుల్లో ఎవరో అన్న మాటకి మన పిల్లల చర్మం కాల్చుకోవడం నేను చూడలేను. చామనఛాయకి సరైన షేడు పడితే ఆ అందం ఏ తెలుపుకీ రాదు, నా చేతులతో వేసి చూసి చెబుతున్నాను.

కొత్త వస్తువేదైనా ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో రాసి రెండు రోజులు చూడండి. జుట్టు రంగుకైతే ఇది మరీ ముఖ్యం. పెళ్లికి వారం ముందు కొత్తది మొదలుపెట్టొద్దు.

నా లెక్కలో ఈ పనులు ఇలా పంచుకోవాలి. రకం వెతకడం, ఏది కొనకూడదో తెలుసుకోవడం, ఎలా వేసుకోవాలో నేర్చుకోవడం ఫోన్‌లో. షేడు మాత్రం షాపు మెట్ల మీద వెలుతురులో. షేడు ఊళ్లో చూసుకుని ఆన్‌లైన్‌లో యాభై తక్కువకి తెప్పించుకునేవాళ్లున్నారు. నాకు మనసొప్పదు. ఓపిగ్గా మూడు టెస్టర్లు తీసి చూపించిన ఆవిడ దగ్గరే కొంటాను. వచ్చే నెల మళ్లీ ఆవిడ మొహం చూడాలి, ఆవిడా నా మొహం చూడాలి. తేడా వస్తే వెళ్లి అడగడానికి ఒక గుమ్మం ఉంటుంది.

ఆ రాజోలు వైపు పిల్లకి చెల్లెలుంది. శ్రావణంలో తన పెళ్లి కుదిరింది. ఈసారి నెల ముందే అమ్మనీ అక్కనీ వెంటబెట్టుకుని పాలకొల్లు వచ్చింది. ఫోన్‌లో మూడు పేర్లు రాసుకొచ్చింది, మూడూ ఉక్కపోత ఊళ్ల అమ్మాయిల దగ్గర విన్నవే. ఒకటి ఇక్కడ దొరకలేదు. మిగతా రెండూ షాపు మెట్ల మీద దవడకి గీసుకుని, బట్టల కొట్టుకి వెళ్లి, రెండు గంటలకి మా పార్లర్ గుమ్మంలో వచ్చి నిలబడింది. చెమటకి ఒకటి విడిపోయింది. రెండోది ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది, అంత కలిసిపోయింది. వాళ్లమ్మగారు కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూసి, "ఆ నంబరేంటో చెప్పండి, ఇంటికెళ్లి క్యాలెండరు మీద పాల లెక్క పక్కన రాసుకుంటాను" అన్నారు.